పప్పన్నం మీద పడ్డ నింద

బందరులో మా ఆయనకు ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరుగారు పోయారని మొన్న మా మరిది ఫోన్ చేసి చెప్పాడు. పరామర్శకు వెళ్తే అక్కడ అందరిదీ ఒకటే మాట, "ఎంత హస్తవాసండీ ఆయనది!" అని. ఆ మాట ఆయనకు గిట్టేది కాదు. "హస్తవాసేంటమ్మా, సబ్బుతో కడుక్కున్న చెయ్యి, అంతే" అనేవారు. నేనెరిగిన మనిషి ఆ పొగడ్తల్లో కనబడలేదు. అందుకే, పదో తరగతితో ఆగిన చదువే అయినా, మా పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

అప్పుడు మా ఆయనకు అపెండిక్స్ కడుపులోనే పగిలింది. దివిసీమ నుంచి కారులో తీసుకెళ్లేసరికి మాట తడబడుతోంది. ఆపరేషన్ అయ్యాక కాస్త తేరుకున్నారు. మెత్తగా ఏదైనా పెట్టొచ్చని నర్సమ్మ అంటే పప్పన్నం బాగా పిసికి నాలుగు ముద్దలు పెట్టాను. మర్నాడే చలిజ్వరం, కడుపు ఉబ్బరం.

కుట్లున్నవాళ్లు పప్పు తింటే చీము పడుతుందని మా వైపు గట్టి నమ్మకం. అత్తగారు వార్డంతా వినేలా అన్నారు: "పచ్చి కుట్ల మీద పప్పు పెట్టింది మహాతల్లి! నా కొడుకు దక్కకపోతే దీని చేతి చలవే."

ఆయనకేమైనా అయితే బతికినన్నాళ్లూ మొగుణ్ణి చంపుకున్నదాన్నే. రామనామం అనుకుంటూ కూర్చుంటే, అది నిజమేనేమో అని నాకే అనిపించసాగింది.

డాక్టరుగారు వచ్చి, అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకున్నాకే పొట్ట మీద చెయ్యి వేశారు. తర్వాత స్కానింగ్ తీయించి చూశారు.

"ఇంకా పవరున్న ఇంజక్షన్ రాయండి సార్, విజయవాడ నుంచైనా తెప్పిస్తాం" అన్నాడు మరిది.

"పవరు చాలక కాదయ్యా. మందు రక్తంతో పాటే వెళ్తుంది. చీము గూడు కట్టినచోటికి అది సరిగా దిగదు. కాలవ నిండా నీళ్లున్నా మీ శివారు చేలు ఎండట్లేదూ? ముందు చీము తీసెయ్యాలి."

"మరి ఆ పప్పు సంగతేంటి బాబూ?" అన్నారు అత్తగారు.

ఆయన బాగా అలిసి ఉన్నారు. మంచం అంచున కూర్చున్నారు.

"మామ్మగారూ, పప్పుకీ చీముకీ సంబంధం లేదు. కోసింది నేను, లోపల కడిగింది నేను. ఏ మూలైనా మిగిలిపోయుంటే అది నా చేతి పని. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఆ పిల్లని వదిలెయ్యండి."

నలుగురిలో అలా అనాల్సిన అవసరం ఆయనకేముంది? అన్నారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే గొట్టం వేసి చీము తీశారు. కొంత పరీక్షకు పంపి, దానికి తగ్గ మందుకు మార్చారు. జ్వరం మెల్లగా దిగింది. మీ నాన్న ఇవాళ చేనుకు వెళ్తున్నారంటే ఆ పూట చలవ.

పిల్లలూ, ఈ కాగితాలు దాచుకోండి, బయట ఎవరికీ చూపించకండి. డాక్టరు తన లోపం తానే చెప్పుకున్నాడంటే అర్థం చేసుకునేవాళ్లు తక్కువ. పోయిన మనిషి మీద రాళ్లు వేస్తారు.

చీము తీసిన సాయంత్రం డాక్టరుగారు వరండాలో మా సంచుల పక్కనే బల్ల మీద కూలబడి, గోడకు తల ఆనించి నిద్రపోయారు. అత్తగారు లేచి దగ్గరికి వెళ్లారు. చీర చెంగుతో ఆయన మొహం మీది ఈగలు తోలుతూ నిలబడ్డారు.