లావణ్యకు రైటర్ కావాలి

2023వ సంవత్సరం. ముంబైలో కామాఠీపురాకు దగ్గర్లోని ఒక మరాఠీ మీడియం స్కూల్లో నేను రిసోర్స్ టీచర్‌ని. వైకల్యం ఉన్న పిల్లలకు ఏ సదుపాయం కావాలో చూసి ‘అకామడేషన్ ప్లాన్’ అనే కాగితం తయారుచేయడం నా పని. పరీక్షలో అదనపు సమయం, కింది అంతస్తులో గది, చెబుతుంటే రాసిపెట్టే రైటర్, ఇలాంటివి అందులో ఉంటాయి.

ఆ ఏడాది పదో తరగతిలో లావణ్య ఉండేది. సెరిబ్రల్ పాల్సీ వల్ల చేతిలో పెన్ను నిలవదు. బుర్ర మాత్రం పాదరసం. మాదీ వాళ్ళదీ ఒకే చాల్, ఎక్కువగా తెలుగువాళ్ళుండే ఒంటిగది ఇళ్ళ వరస. పుట్టినప్పటి నుంచీ తెలిసిన పిల్లే కదా అని ప్లాన్ చకచకా రాసేశాను. నాగ్‌పాడా వైపు స్కూలు నుంచి చక్కటి దస్తూరీ ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయిని రైటర్‌గా కుదిర్చి, నా భుజం నేనే తట్టుకున్నాను.

బోర్డు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టే ప్రిలిమ్‌లో లావణ్య చరిత్ర తప్పింది. పేపరు చూస్తే ప్రాణం ఉసూరుమంది. ముత్యాల్లాంటి అక్షరాలు, అర్థంలేని వాక్యాలు!

“ఇట్లనే చెప్పినవా?” అని అడిగాను.

“లేదు టీచరక్కా. ఆ పోరికి నా మాట సమజ్ కాలే. మూడుసార్లు చెప్పిన. మల్ల సిగ్గైంది. ఏది రాసినా ‘బరోబర్’ అన్న.”

లావణ్య మాట ముద్దగా వస్తుంది. కొత్తవాళ్ళకు అర్థం కాదు. చాల్‌లో అందరమూ అలవాటు పడిపోయి ఆ సంగతే మరిచిపోయాం. నా ప్లాన్‌లో చేతుల గురించి పేజీ నిండా ఉంది, మాట గురించి ఒక్క ముక్క లేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది. నెలలో బోర్డు పరీక్ష. ఇదే తీరైతే అక్కడా తప్పుతుంది.

రైటర్ కోసం చాల్‌లోనే వెతికాను. కింది తరగతి పిల్ల కావాలి, బంధువు కాకూడదు. లావణ్య తల్లి నర్సమ్మ నవ్వింది.

“అనిత మా ఆడిబిడ్డ బిడ్డ. శిరీష మా అన్న బిడ్డ. ఈడ చుట్టం కానిదెవరు టీచరమ్మా?”

అంతలో గదుల ముందున్న గ్యాలరీలోంచి కేకలు. పక్క ఖోలీలో ఉండే మరాఠీ పిల్ల ప్రాజక్తా క్యారమ్ ఆడుతుంటే, లావణ్య పక్కన కూర్చుని హుకుం జారీ చేస్తోంది.

“తెల్లది కాదే, నల్లది కొట్టు!”

“నోర్ముయ్యవే, నాకెర్కే!” అంది ప్రాజక్తా, అచ్చం మా తెలుగులో.

“నువ్వే క్లాసు?” అన్నాను ఆత్రంగా.

“తొమ్మిది, టీచర్.”

అక్కడికక్కడే ముద్దుపెట్టుకున్నాను.

బోర్డులో చరిత్ర పరీక్ష అయ్యాక, ఆ గదిలో ఉన్న సూపర్‌వైజర్ నా దగ్గర మరాఠీలో మొత్తుకున్నారు. “మీ అమ్మాయి రైటర్‌ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ప్రతి జవాబూ చదివించుకుంది. తప్పు కనబడితే కొట్టేయమని ఒకటే అరుపు.” నాకు గంతులేయాలనిపించింది. లావణ్య ఫస్ట్ క్లాసులో పాసైంది. నర్సమ్మ గ్యాలరీ అంతా పేడా మిఠాయిలు పంచింది, ప్రాజక్తాకు మాత్రం డబ్బాకు డబ్బా ఇచ్చేసింది.

అప్పటి నుంచి ఏ పిల్ల ప్లాన్ అయినా రాసేముందు, ఒక కొత్తమనిషిని ఆ పిల్ల పక్కన అరగంట కూర్చోబెడతాను. లావణ్య మాట నాకు బాగా అర్థమవుతుందని ఇన్నేళ్ళూ మురిసిపోయాను. ఇతరులకు అర్థమవుతోందా అని ఆ పిల్లను ఒక్కసారీ అడగలేదు.