తొమ్మిదో గుంత దగ్గర నర్సింలు

జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనలు చదవడం నాకు పాత అలవాటు. పత్రికలో చేరిన కొత్తలో వాటిని దిద్దే పని నాకే పడింది. ఉద్యోగం అయిపోయినా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. కార్తీకంలో ఒక గురువారం అలాగే చూస్తుంటే ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. టోపీ పెట్టుకుని నవ్వుతున్న యాభై ఏళ్ళ మనిషి. కింద రెండే వాక్యాలు. "బాయిలర్ నర్సింలు గారి ఆట ఈ ఆదివారంతో ముగుస్తుంది. సభ్యులందరూ ఉదయం ఏడున్నరకు తొమ్మిదో గుంత దగ్గరికి రావలెను." గడ్డపోతారం దగ్గర ఒక గోల్ఫ్ క్లబ్బు పేరూ, ఫోన్ నంబరూ ఉన్నాయి. మనిషి పోయి ఏడాదయిందని ఫోటో పక్కనే తేదీలున్నాయి. పోయిన మనిషి ఆట ఈ ఆదివారం ముగియడమేమిటి?

ఫోన్ చేశాను. ఎత్తినాయన క్లబ్బు కార్యదర్శి విశ్వనాథం, సంగారెడ్డిలో పప్పుల వ్యాపారి.

"ఫోన్ల చెప్తే సమజ్ కాదు సార్, వచ్చి చూడుండ్రి. గడ్డపోతారం కమాన్ కాడ దిగి సుగుణమ్మ ఇడ్లీ బండి అడుగుండ్రి. ఆడికి నేను కారు తెస్త. సుగుణమ్మంటే నర్సింలు పెండ్లాం." మళ్ళీ తనే అన్నాడు, "ఆఖరి బంతి ఆమెనే వెయ్యాలె. వస్తదో రాదో, అదే మా పరేషానీ."

శనివారం సాయంత్రం అయిదుకు సికింద్రాబాద్‌లో లోకల్ రైలెక్కాను. బేగంపేట దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. లింగంపల్లిలో దిగి బస్సు పట్టుకుంటే పటాన్‌చెరు చేరేసరికి ఏడు కావచ్చింది. బస్టాండుకు ఎదురుగా ఒక లాడ్జిలో గది ఏడు వందలు. వేడినీళ్ళు పొద్దున అయిదు నుంచి ఆరు దాకానే అని ముందే చెప్పారు. రెండు రొట్టెలు, పప్పు తిని పడుకున్నాను. రోడ్డు మీద కంపెనీ బస్సుల చప్పుడు వస్తూ పోతూ ఉంటే, రైలు ఇంకా దిగనట్టే అనిపించింది.

ఆదివారం అయిదూ నలభైకి షేర్ ఆటో. మనిషికి నలభై రూపాయలు. అందులో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు ఏడుగురు, ఎనిమిదోవాణ్ణి నేను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఆటో ముందుకు పోతోందో, రోడ్డే వెనక్కి జరుగుతోందో తెలియలేదు. ఫ్యాక్టరీల దీపాలు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. గాలి మారినప్పుడల్లా మందుబిళ్ళల వాసన.

"ఏ కంపెనీ సార్?" పక్కనున్నతను అడిగాడు. గోల్ఫ్ క్లబ్బుకని చెప్పాను.

"ఆ క్లబ్బా! గాడ బర్రెలు గూడ మెంబర్లే సార్. మీకు జల్దీ ఇస్తరు" అన్నాడు. ఆటో అంతా నవ్వింది.

ఆరూ ఇరవైకి కమాన్ దగ్గర, ఊరి స్వాగత తోరణం కింద దిగాను. ఇడ్లీ బండి అడగాల్సిన పని పడలేదు. మంచులో ఒకచోట మంచు వెచ్చగా ఉంది. దాని వెనక సుగుణమ్మ. నలభై అయిదేళ్ళుంటాయేమో, కొంగు నడుముకు బిగించి, గిన్నె మూత తీస్తే ఆవిరిలో మాయమై మళ్ళీ కనబడుతోంది.

"చట్నీ కారముంటది సారు, జెర చూసి తినుండ్రి. ఏ కంపెనీకి వచ్చిండ్రు?"

"కంపెనీకి కాదమ్మా. విశ్వనాథం గారి క్లబ్బుకు."

గరిటె ఆగింది. "పేపర్ల ఏసిండ్రు గదా, గా ముచ్చటకా?"

"అవును. మీరూ వస్తున్నారా?"

"వస్త. సేటుకు ఒకటి అడిగేదున్నది. అది అడిగినంకనే బంతి ముట్టుకుంట. లేకుంటె లేదు." నా ప్లేటులో అడక్కుండానే ఇంకో ఇడ్లీ వేసింది. "నలుగురు పెద్దమనుషులు ఒక్క గుంత కోసం అడివంత తిరుగుడు. గదేం ఆటనో, పదకొండేండ్లు విన్నా నాకు ఎక్కలె."

నాలుగు ఇడ్లీలకు నలభై రూపాయలు. ఏడింటికి విశ్వనాథం కారు వచ్చింది. బండిని పక్క టీ కొట్టువాడికి అప్పగించి సుగుణమ్మ వెనక సీట్లో కూర్చుంది. దారి పొడవునా ముందు సీట్లో విశ్వనాథం నాకు క్లబ్బు కథ చెబుతూనే ఉన్నాడు.

ఒకప్పుడు అక్కడ ఒక ఫ్యాక్టరీ, దాని ఆఫీసర్ల కోసం తొమ్మిది గుంతల మైదానం ఉండేవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆఫీసర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలింది ఆరుగురు. అప్పుడు వాళ్ళొక నిర్ణయం చేసుకున్నారు. డబ్బు కట్టక్కర్లేదు, నెలకొక ఆదివారం మైదానంలో గడ్డి కోసేవాళ్ళెవరైనా సభ్యులే. అలా పప్పుల సేటు విశ్వనాథం వచ్చాడు, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ చూసే నర్సింలు వచ్చాడు, అదే ఫ్యాక్టరీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన ప్రమోద్ వచ్చాడు. పాత ఇంజినీరు రాఘవరావుతో కలిసి ఈ నలుగురూ ఒక జట్టు.

"మా తాన మనిషి పోయినా ఆట బంద్ గాదు సార్" అన్నాడు విశ్వనాథం. "ఆయన బంతిని జట్టులున్న ముగ్గురం వంతులేసుకుని ఏడాది ఆడుతం. ఏడాది నిండిన ఆదివారం ఇంటోళ్ళు వచ్చి తొమ్మిదో గుంతల ఏస్తరు. అప్పుడే ఆయన ఆట పూర్తయినట్టు."

క్లబ్బంటే రేకుల కప్పు వేసిన ఒక గది. లోపల రెండు గోడల మీద రెండు చెక్కబోర్డులు. ఎడమ బోర్డు మీద ఇప్పటి సభ్యులు, కుడి బోర్డు మీద పోయినవాళ్ళు. కుడి బోర్డులో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. తొమ్మిది గుంతలూ ఆ మనిషి అతి తక్కువగా ఎన్ని దెబ్బల్లో పూర్తిచేశాడో ఆ లెక్క. ఎడమ బోర్డులో ఆరో పేరు నర్సింలుది. రాఘవరావు ఆ పేరు ముందు నిలబడి ఉన్నారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో క్లబ్బు రూళ్ళ పుస్తకం.

"బంతి గుంతలో పడేదాకా మనిషి సభ్యుడే. మొదటి పేజీలో మొదటి రూలు" అన్నారు నాతో. "ఈరోజు ఈ పేరు కుడి గోడకు పోతుంది. పక్కన నలభై నాలుగు రాయిస్తున్నాం. ఈ ఏడాది ఆయన బంతికి వచ్చిన అతి తక్కువ లెక్క. రూలు ప్రకారం అదీ ఆయనదే."

ఆ మాట గుమ్మంలో ఉన్న సుగుణమ్మ వింది.

ఎనిమిది గుంతలు పోయిన ఆదివారమే ఆడేశారు. తొమ్మిదోది ఈ రోజుకు ఆపారు. పదిహేనుమంది దాకా సభ్యులు తడిగడ్డిలో నడుస్తుంటే మోకాళ్ళ కింద ఎవరికీ కాళ్ళు కనబడలేదు. మంచు మీద తేలుతూ పోతున్నట్టున్నాం. తొమ్మిదో గుంతకు ముందు ఒక కుంట ఉంది. దాని అవతల, పాత ఇంజనాయిలు కలిపి చదును చేసిన ఇసుక మీద గుంత గుర్తుగా ఒక కట్టె, దానికి ఎర్రగుడ్డ. గడ్డి పెంచే స్తోమతు లేక చేసుకున్న ఏర్పాటట. బంతిని ఇవతలి నుంచి కొడితే నీళ్ళు దాటి అక్కడ పడాలి. అక్కణ్ణుంచి సుగుణమ్మ దాన్ని గుంతలో వెయ్యాలి. కుంట ఒడ్డున రెండు బర్రెలు. ఆటోలో అతను అబద్ధం చెప్పలేదు.

ప్రమోద్ జేబులోంచి బంతి తీశాడు. దాని మీద ఎర్రచుక్క. ఆవిరి గొట్టాలకు వేసే రంగుతో నర్సింలే పెట్టుకున్న గుర్తు.

"ఆగు తమ్మి" అంది సుగుణమ్మ. విశ్వనాథం వైపు తిరిగింది. "సేటూ, ప్రతి ఆదివారం ఫోన్ జేసి లెక్క చెప్పినవ్. మొదట్ల యాభై ఏడన్నవ్, యాభై అయిదన్నవ్. నాకు మంచిగనిపిచ్చింది, ఆయననే చెప్పినట్టు. తర్వాత నలభై తొమ్మిది. తర్వాత నలభై నాలుగు. ఎవరి ఆట ఇది?"

"మా నర్సింలుదే చెల్లె. వేరేటోళ్ళది ఎట్లయితది?"

"ఆదివారం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటనే షురూ జేస్తుండె. మొదటి గుంత ఏడు, రెండోది ఆరు... నేను పిండి రుబ్బుకుంట ఊ కొడుతుంటి. ఆఖరుకు 'కుంటల వడ్డదే' అంటుండె. పడకుంట దాటిననాడు జిలేబి తెస్తుండె. పదకొండేండ్లల్ల మూడేసార్లు తిన్న నేను జిలేబి." గొంతు పెరగలేదు. "ఈ ఏడాదంత ఒక్కపారి గూడ నీళ్ళల్ల పడలేదంటివి. గన్ని జిలేబీలు ఏడ వోయినయి సేటూ?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"భాభీ, గలత్ అనుకోవద్దు" ప్రమోద్ ముందుకొచ్చాడు. "అన్న ఎప్పుడూ అనేవాడు, ఒక్కసారి యాభై లోపల రావాలె అని. ఎంత బాగా ఆడినా వచ్చింది యాభై ఒకటే. అందుకే మేము ఇప్పించినం. బస్."

"ఆయన కొట్టాలనుకున్నడు తమ్మి. మీతోని కొట్టిపిచ్చుకోవాలనుకోలె. నలభై నాలుగు రాస్తె అది మీ ముగ్గురి లెక్క. గా బోర్డు మీద ఆయన ఉండడు. నేను బంతి ముట్ట."

రాఘవరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తప్పు నాదమ్మా. ఈ గుంత దగ్గర ప్రతిసారీ వంతు నేనే తీసుకున్నాను. ఆ ఎర్రచుక్క నీళ్ళలో మునుగుతుంటే చూడలేననిపించింది."

"మునిగితె ఏమైతది రావుసాబూ? ప్యాంటు మడిచి దిగి తెచ్చుకుంటుండె గదా." ఆమె మాట మెత్తబడింది. "ఆయన ఎట్ల కొడుతుండెనో మీకు అసలు యాదున్నదా?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ప్రమోద్ టోపీ వెనక్కి తిప్పుకున్నాడు. అరచేతులు ప్యాంటుకు రుద్దుకున్నాడు. బంతిని నేల మీద పెట్టి, దాని మీదికి వంగి, "పో బిడ్డా" అన్నాడు. సుగుణమ్మ పెదవి కదిలింది. అతను కర్రను అక్కరకు మించి వెనక్కి ఎత్తి, ఒక మడమ గాల్లోకి లేచేలా ఊపాడు. బంతి పైకి లేచి మంచులో కలిసిపోయింది. ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు. అందరం చెవులతో ఎదురుచూశాం.

బుడుంగుమంది.

బర్రెలు తలెత్తి చూశాయి. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. "గిప్పుడు... గిప్పుడు మా ఆయన ఆడిండు" అంది.

విశ్వనాథం అప్పటికే చెప్పులు విడిచి ప్యాంటు మడుస్తున్నాడు. "ఆగు సేటూ" అందామె. "వానలకు నిండిన కుంట. నువ్వు దిగితె మళ్ళ నిన్ను తీసుడు ఒక పని. ఉండనీ."

"ఉండనిస్తె ఎట్ల చెల్లె? బంతి గుంతల పడాలె గదా."

అందరూ రాఘవరావు వైపు చూశారు. ఆయన పుస్తకం మొదటి పేజీ తెరిచి, తెలిసిన వాక్యాన్నే చాలాసేపు చదివారు. "బంతి గుంతలో పడలేదు. కాబట్టి నర్సింలు ఇంకా సభ్యుడే. పేరు ఎడమ గోడ మీదే ఉంటుంది. కుంట ఎండేది మే నెలలో. అప్పుడు వెతుకుదాం."

"మరి లెక్క?" అన్నాడు విశ్వనాథం.

"యాభై ఒకటి" అంది సుగుణమ్మ. "ఎప్పుడెక్కిచ్చినా గదే."

రాఘవరావు పెన్సిల్ తీసి పుస్తకంలో రాసుకున్నారు.

పదిన్నరకు కమాన్ దగ్గర తిరుగు ఆటో. మినప్పప్పు కొనాలని సుగుణమ్మ కూడా పటాన్‌చెరు దాకా ఎక్కింది. మంచు విడిపోయింది. పొద్దున గాల్లో వేలాడిన దీపాలు ఇప్పుడు మామూలు స్తంభాలై, ఫ్యాక్టరీ గోడలకు అతుక్కుని ఉన్నాయి. సుగుణమ్మ తనే మాట కలిపింది.

"సేటు వంతుల పట్టీ చూపెట్టిండు సారు. వచ్చే ఆదివారం గడ్డి కోసే వంతు నర్సింలుదట. మెంబరాయె మరి, తప్పుతదా."

"ఎవరు కోస్తారు?"

"ఇంకెవరు? బండి ఒక్కపూట బంద్ వెడ్త." రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "పెండ్లిగాక ముందు రోజుకు రెండు మోపులు కోస్తుంటి. ఆయన కోసిన గడ్డి జూస్తె ఎలుకలు కొరికినట్టుంటుండె."

పటాన్‌చెరు బస్టాండు పక్కన మిఠాయి దుకాణంలో జిలేబీలు వేడిగా దిగుతున్నాయి. ఒక పావుకిలో కట్టించి ఇవ్వబోయాను. ఆమె పొట్లం వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల వద్దు సారు. కుంటల వడ్డది గదా."

ఆ పొట్లం నాతోనే లింగంపల్లి దాకా వచ్చింది. పన్నెండూ నలభై రైల్లో పక్కవాళ్ళకు తలా ఒకటి పెట్టి, మిగిలింది నేను తిన్నాను. గోల్ఫ్ గురించి వెళ్ళేముందు నాకేమీ తెలియదు, వచ్చాకా పెద్దగా తెలియదు. ఒక మనిషిని గుర్తుపెట్టుకోవడమంటే అతను ఓడిన చోటును కూడా వదలకుండా గుర్తుపెట్టుకోవడమని మాత్రం, కళ్ళు మూసుకుంటే ఇంకా ఆ తెల్లటి మంచులోనే తిరుగుతున్న నాకు అనిపించింది.

చూడదలచినవాళ్ళు పటాన్‌చెరులో అయిదున్నర ప్రాంతంలో షేర్ ఆటో పట్టుకోండి. కమాన్ దగ్గర దిగి ఇడ్లీ తినండి, చట్నీ జాగ్రత్త. క్లబ్బు గదిలో ఎడమ గోడ మీద ఆరో పేరు చదవండి. మే నెలకు ముందే వెళ్ళండి.