కలొలైనే గడపలో కూర్చున్న రోజు

హౌమా ఊళ్లో కలొలైనేకి మాట తక్కువని పేరు. అది సగమే నిజం. ఆడవాళ్లంతా వరసగా కూర్చుని చెట్టు బెరడుని బట్టలా సాగేదాకా చెక్క సుత్తులతో కొట్టేటప్పుడు ఆవిడ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. పాస్టరుగారి పాటని వెక్కిరిస్తుంది, ఎవరి మొగుడు ఎంత గురక పెడతాడో గురకతో సహా చేసి చూపిస్తుంది. తమ్ముడు మనాసే దగ్గర మాత్రం ఆ నోటికి తాళం పడుతుంది.

ఆ తాళం ఆవిడ వేసుకున్నది కాదు. మాలో అక్కాతమ్ముళ్లు ఈడొచ్చాక ఒక చాప మీద కూర్చోరు, ఒక గదిలో సినిమా చూడరు, ఒకరితో ఒకరు పరాచికాలాడరు. అక్క లోపలికొస్తే తమ్ముడు లేచి బయటికి పోవాలి. ఏదైనా అడగాలన్నా చెప్పాలన్నా మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. పట్నంలో చాలామంది ఇదంతా గాలికొదిలేశారు. మనాసే ఒదల్లేదు. గుమ్మంలో దూరాలంటే తల వంచాల్సినంత ఎత్తు మనిషి, అక్క ఎదురైతే దారి పక్కకి ఒదిగి నేల చూపులు చూస్తాడు. కలొలైనేకి అందుకే వాడంటే ప్రాణం. ఆ మాట వాడితో ఎన్నడూ అనలేదు, అనకూడదు కూడా.

ఆవిడ మొగుడు సెకోపే ఆస్ట్రేలియాకి పళ్ల కోతకి వెళ్లి పెట్టెలో తిరిగొచ్చాడు. తర్వాత మనాసే వెళ్లాడు. సీజను తర్వాత సీజను వెళ్లాడు. చివరిసారి నిచ్చెన మీదే కళ్లు తిరిగి పడ్డాడు. గుండె బాగాలేదు, ఇంక ఆ పని వద్దన్నారు అక్కడి డాక్టర్లు. ఈ సంగతి అక్కకి తెలియకుండా దాచాడు. మరదలు లెసియెలి కడుపులో దాచుకోలేక చెప్పేసింది. అప్పట్నుంచి కలొలైనే ప్రార్థనలో ఒక్కటే అడుగుతోంది, వాడు మళ్లీ విమానం ఎక్కకుండా చూడమని.

ఎక్కకుండా ఉండాలంటే ఒక్కటే దారి. దాచుకున్న డబ్బుతో ఒక వ్యాను కొనుక్కుని బడి పిల్లల్ని, సంతకెళ్లే ఆడవాళ్లని తిప్పుకోవడం. జపాన్‌లో వాడేసిన బండ్లే మా దీవిలో అందరూ తోలేవి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం లెసియెలి పిల్లని చంకనేసుకుని వచ్చింది. కలొలైనే పనసచెట్టు నీడలో బెరడు నానబెడుతోంది.

"వదినా, ఎవరితోనూ అనకు. ఒట్టెయ్యి."

"ఒట్టెందుకే? నీ నోరు ఊరుకుంటే నా నోరూ ఊరుకుంటుంది."

"మీ తమ్ముడు వ్యాను కొనేశారు. కొనేసినట్టే. ఫొటో చూడు, ఎంత ముద్దుగా ఉందో!"

కలొలైనే చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. తెల్ల వ్యాను, పక్క తలుపు మీద పసుప్పచ్చ బాతు బొమ్మ. జపాన్‌లో ఏదో చంటిపిల్లల బడి బండి అయి ఉంటుంది. బాతు కంటి మీద అడ్డంగా ఒక గీత.

ఆవిడ వేలు ఆ గీత దగ్గర ఆగింది. ఆ బాతు తనకి తెలుసు.

"ఇది ఎక్కడుందంటున్నాడు?"

"జపాన్ రేవులోనే వదినా. రేపు మధ్యాహ్నంలోగా డబ్బు కడితే ఓడెక్కిస్తారట. లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. అమ్మే ఆయన సగానికి సగం తక్కువకి ఇస్తున్నాడు పాపం, దేవుడంటే భయం ఉన్న మనిషి. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ప్రార్థన చేశాకే బండి మాట ఎత్తుతాడు."

"కంపెనీకే కడుతున్నాడా డబ్బు?"

"కాదు, ఎవరో మనిషి పేరు మీద. ఇంకో దేశంలో ఉంటాడట వాళ్ల క్యాషియరు." లెసియెలి గొంతు కొంచెం తగ్గింది. "నేనూ అడిగాను వదినా. కలిసి ప్రార్థన చేసిన మనిషిని అనుమానిస్తావా అని కసిరారు."

ఊళ్లో ఇంకెవరినైనా అడిగాడా అని కలొలైనే అడగలేదు. అడిగి ఉండడు. మాలో ఎవరైనా చెయ్యి చాచి అడిగితే లేదనడం మర్యాద కాదు. చేతిలో డబ్బుందని తెలిస్తే మేనమామ పడవకి అడుగుతాడు, గుడివాళ్లు పైకప్పుకి అడుగుతారు, ఇచ్చుకుంటూ పోవడమే. అందుకే బండి కొనేవాడు అది రేవులో దిగేదాకా నోరు విప్పడు. ఈ సంగతి ఆ ప్రార్థనల మనిషికి ఎలా తెలిసిందో గానీ, 'ఎవరికీ చెప్పకు తమ్ముడూ' అని వాడే ముందు హెచ్చరించాడట.

"లెసీ, ఈ వ్యాను టానియెలాది. ఎప్పుడో మన దీవికొచ్చేసిన బండి."

"ఏ టానియెలా? ఫోఉయి ఊరి టానియెలానా? ఆయనది ఉత్త తెల్ల వ్యాను కదా. బాతేదీ?"

"బాతు మీద రంగేశాడు. నువ్వు అప్పుడు కాన్పుకి వవావు దీవిలో మీ అమ్మ దగ్గరున్నావు, మనాసే ఆస్ట్రేలియా తోటల్లో ఉన్నాడు. ఒంటికన్ను బాతు, ఒంటికన్ను బాతు అని ఎక్కినవాళ్లందరూ ఏడిపిస్తుంటే ఆయనకి ఒళ్లు మండి పూసేశాడు. ఆ గీత జపాన్ నుంచే వచ్చిందని ఆయనే చెప్పాడు. ఆ తలుపు పక్కనే కూర్చుని ఎన్ని వారాలు సంతకెళ్లానో నాకు తెలుసు."

లెసియెలి ఫోను లాక్కుని ఫొటో మళ్లీ చూసింది. మొహంలో ఒక మొండితనం వచ్చింది. "ఆ బడికి ఇలాంటివి ఇంకో రెండుంటాయేమో వదినా. అన్నిటికీ బాతులే వేయించారేమో."

"అన్ని బాతులకీ కన్ను గీరారా?"

"ఏమో. ఉండొచ్చుగా."

ఉండొచ్చు. ఆ మాటే కలొలైనేని తినేసింది. తను పొరబడితే? నిజంగానే ఓడెక్కబోయే బండిని తన నోటితో చెడగొడితే? అప్పుడూ మనాసే విమానమే ఎక్కుతాడు, ఈసారి అక్క పుణ్యమా అని. "నేను చెప్పానని చెప్పు. కట్టొద్దన్నానని చెప్పు" అని మాత్రం అంది. టానియెలాని అడుగుదామని ఫోఉయికి నడిచింది. వ్యాను లేదు, మనిషీ లేడు. చావింటివాళ్లని ఎక్కించుకుని దీవి తూర్పు కొసకి పోయాడట, ఎప్పుడొస్తాడో తెలీదట. ఆయనకి ఫోనంటే గిట్టదు.

శనివారం పొద్దున్నే లెసియెలి ఇంటికెళ్లి చూస్తే మనాసే లేడు.

"బస్సెక్కారు వదినా."

"నేను చెప్పమన్నది చెప్పావా?"

లెసియెలి పిల్ల జుట్టు సవరించింది. ఒకసారి కాదు, సవరించిన జుట్టునే మళ్లీ మళ్లీ సవరించింది. "వదిన బాగా చూసుకోమంది అని చెప్పాను."

"బాగా చూసుకోమన్నానా నేను?"

"నాకు భయమేసింది వదినా! ఎన్నాళ్లకి నవ్వారు ఆయన. ఆ నవ్వు నేనే చెరపాలా?"

కలొలైనే మరదల్ని తిట్టలేదు. తిట్టడానికి వ్యవధి లేదు. నలుగురిలోకి వెళ్లేటప్పుడు మర్యాదకి కట్టుకునే చాప నడుముకి చుట్టుకుని తాడు బిగించి రోడ్డు మీదికొచ్చింది. చాప చుట్టుకోకుండా పట్నం వెళ్లడం ఆవిడకి చేతకాదు, కొంప అంటుకున్నా సరే. బస్సులో కూర్చున్నంతసేపూ సెకోపే పెట్టె దిగిన రోజే కళ్లముందు ఆడింది. విమానం నుంచి దించుతుంటే ఆ పెట్టె ఎంత తేలిగ్గా కనబడిందో. చేతిలో టికెట్టు నలిగి ముద్దయిపోయింది.

పట్నంలో, అంటే నుకుఅలోఫాలో, పై దేశాలకి డబ్బు పంపే దుకాణం చిన్నది. ఒక్క ద్వారం, ఒక్క కిటికీ, ముందు చాంతాడంత వరస. శనివారం పన్నెండింటికి మూసేస్తారు. ఆదివారం మా దేశంలో కొట్టు తెరిస్తే పోలీసు వస్తాడు. మనాసే అప్పుడే వచ్చినట్టున్నాడు, వరస బయటి దాకా ఉండడంతో దాని కొసన నిలబడి ఉన్నాడు. డబ్బు కవరు చొక్కా లోపల పెట్టుకుని పైన చెయ్యేసి నొక్కుకుంటున్నాడు. మొహం మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

ఆవిడ పిలవలేదు. నలుగురిలో తమ్ముణ్ణి పిలిచి, నిన్నెవడో వెర్రివాణ్ణి చేస్తున్నాడురా అని చెప్పే నోరు ఆవిడకి లేదు. ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు కూడా. తిన్నగా దుకాణం ద్వారం దగ్గరికి వెళ్లి గడప మీద కూర్చుంది. కాళ్లు ముడుచుకుని, చాప సర్దుకుని, తల వంచుకుని.

లోపలికెళ్లాలంటే ఆవిడని ఒరుసుకుని వెళ్లాలి. మిగతావాళ్లు "తులౌ, తులౌ" అని క్షమించమంటూ వంగి, పక్కగా జారుకుంటూ వెళ్లారు. ఒకావిడ "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? నీడలోకి రా" అంది. "ఇక్కడే బావుంది" అంది కలొలైనే. కౌంటర్లో పిల్ల మెడ సాచి "ఆంటీ, దారికి అడ్డం" అంది. ఆవిడ వినలేదు.

మనాసే వంతు వచ్చింది. రెండడుగులు వేశాడు. గడపలో ఉన్నదెవరో చూశాడు. కాలు అక్కడే ఆగిపోయింది. కూర్చున్న అక్క తల మీదుగా దాటుకుని వెళ్లే మగవాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. పక్కకి జరిగి వెనకవాణ్ణి ముందుకి పంపాడు. తర్వాతవాణ్ణీ పంపాడు. మళ్లీ దగ్గరికొచ్చాడు, మళ్లీ ఆగాడు. ఎదురుగా చెట్టు కిందికి వెళ్లి నిలబడ్డాడు.

వాడి ఫోను మోగింది. "ఆ అన్నా, ఇక్కడే ఉన్నానన్నా. కొంచెం ఆలస్యం... లేదన్నా, ఎవరితోనూ చెప్పలేదు." ఆ 'అన్నా' అన్న పిలుపులోని వినయం కలొలైనే చెవిన పడింది. మొహం కూడా చూడని వాణ్ణి తన తమ్ముడు అన్నా అంటున్నాడు. మళ్లీ మోగింది. మళ్లీ. ఆఖరికి మనాసే దూరం నుంచే, ఎటో చూస్తూ, గాలితో అన్నట్టు అన్నాడు. "లోపల కొంచెం పనుంది." వాడికి ఈడొచ్చాక ఆవిడ మొదటిసారి వాడి ఏడుపు గొంతు వింది. లేచిపోదామనిపించింది. పొరబడ్డానేమో, బాతులన్నిటికీ కన్ను గీరి ఉంటుందేమో, వీడి పుట్టి నేనే ముంచుతున్నానేమో. కళ్లు మూసుకుని కూర్చుంది, కదల్లేదు.

పన్నెండు కొట్టాక కౌంటర్లో పిల్ల తాళాల గుత్తి పట్టుకొచ్చి, "ఇంక లెగమ్మా, నిన్నూ లోపలే పెట్టి తాళమెయ్యాలా?" అంది. కలొలైనే లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి నిలవలేదు. చెట్టు కింద మనాసే ఒక్క అడుగు ముందుకేశాడు. పట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు. తిట్టనూ లేదు, కలొలైనేకి అందుకే మరీ భయమేసింది. చీకటి పడకముందే లెసియెలి పరిగెత్తుకొచ్చింది. "వదినా! ఓడ వెళ్లిపోయిందన్నాడు ఆ అమ్మే ఆయన. ఇప్పుడేమో నీకోసం ఆపాను, సోమవారం కట్టినా పర్లేదు, ఇంకా తగ్గిస్తానంటున్నాడు. వెళ్లిపోయిన ఓడ ఎలా ఆగుతుంది వదినా?" అడుగుతూనే మెట్టు మీద కూలబడింది.

ఆదివారం గుడి అయ్యాక టానియెలా వ్యాను ఆవరణలో కనబడింది. తలుపు దగ్గర ఆడవాళ్లిద్దరూ, వ్యానుకి అవతలి పక్కన మనాసే.

"గీకుతారా? నా రంగా?" టానియెలా కళ్లు పెద్దవి చేశాడు. "ఆదివారం పూట పని చెయ్యకూడదు తల్లీ!"

"గోటితో గీకితే పని కాదులే" అంది కలొలైనే. "నీ బాతుని మళ్లీ వెక్కిరించను, ఒట్టు."

ఇంటి గోడలకేసే రంగే పూశాడేమో, పెచ్చులుగా లేచింది. ముందు పసుపు, తర్వాత నల్లటి గుండ్రం, దాని మీద అడ్డంగా గీత. లెసియెలి ఫోనులోని ఫొటో పక్కన పెట్టింది. అదే గీత, అదే వంపు.

మనాసే చుట్టూ తిరిగి వచ్చాడు. అక్కకి అంత దగ్గరగా ఎన్నడూ నిలబడలేదు. వేలుతో ఆ కన్ను తడిమాడు. ఆయాసపడుతున్నాడు, పరిగెత్తినవాడిలా. చొక్కా జేబులో ఫోను మోగుతోంది. తియ్యలేదు.

పెళ్లాం వైపు తిరిగాడు. "లెసీ, అక్కనడుగు. నిన్న నేను దాటుకుని వెళ్లిపోయి ఉంటే ఏం చేసేదో అడుగు."

లెసియెలి అడగాల్సిన పని లేకపోయింది. పక్కనే ఉన్న మనిషికి వినబడనే వినబడింది. కలొలైనే బాతునే చూస్తూ అంది.

"దాటడని చెప్పు. వాడు చిన్నప్పట్నుంచీ నన్ను చూసి ఆగుతూనే ఉన్నాడని చెప్పు."

అని, తలుపుకి ఆనుకుని మొహం చేతుల్లో దాచుకుంది. అప్పటిదాకా బిగబట్టిన భయమంతా ఒక్కసారి విరుచుకుపడింది. వాడు గనక ఆ ఒక్క అడుగు వేసి ఉంటే ఆపడానికి తన దగ్గర ఇంకేమీ లేదు. మనాసే అక్కడి నుంచి జరగాలి, అది మర్యాద. జరగలేదు. టానియెలా మొహం తిప్పుకుని ఎటో చూశాడు. జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది.