పచ్చగానే ఉన్న తాళం

ఇది ఎవరికైనా చెప్పాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నాను. మా ఆవిడకు చెప్పబోయి చాలాసార్లు మాట మార్చాను. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక. వినడానికి చిన్న విషయమే. కంప్యూటర్ తెర మీద, కింద మూలన, గోరంత బొమ్మ గురించి. కానీ అది గుండె మీద బండలా కూర్చుంది.

అప్పట్లో మైదుకూరులో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. పెన్ డ్రైవులు కొత్తగా అందరి చేతికీ వచ్చిన రోజులు. వాటితోపాటే వైరస్‌లూ వచ్చాయి. నేను అందరికీ ఒకటే యాంటీవైరస్ వేసేవాణ్ని. ఒక చిన్న కంపెనీది. పాత కంప్యూటర్ల మీద కూడా చక్కగా నడిచేది. దాని గుర్తు తాళం కప్ప. తాళం పచ్చగా ఉంటే భయం లేదు, ఎర్రబడితే నన్ను పిలవండి అని చెప్పేవాణ్ని. నన్ను నమ్మి అందరూ ఆ తాళాన్ని నమ్మారు.

ఖాదర్ అన్న ఫొటో స్టూడియోలోనూ అదే ఉండేది. ఆయన పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. ఆయన చెల్లెలు షమీమ్ వాటిని కంప్యూటర్లో ఆల్బమ్‌లుగా పేర్చేది. ఆ అమ్మాయి చేతిలో ఏముందో గానీ, బజారులో శెట్టిగార్ల ఇళ్లవాళ్లు ఆమెతోనే చేయించమని అడిగి మరీ వచ్చేవారు. ఎవరి పెన్ డ్రైవ్ పెట్టాలన్నా ముందు తాళం వైపు చూసేది. నేను నేర్పిన అలవాటే.

తర్వాత ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కలుపుకుంది. మొదట్లో తేడా తెలియలేదు. పేరు అదే, తాళం అదే. కొన్నాళ్లకు, పాతదానికి అప్‌డేట్లు ఆపేస్తున్నాం, కొత్తది వేసుకోండి అని తెర మీద రాత వచ్చింది. వేశాను. పచ్చ తాళం పోయి నీలం బిళ్ళ ఒకటి వచ్చింది. పెళ్లికొడుకు ఒక్కడే వస్తాడనుకుంటే ఊరంతా దిగినట్టు, దాని వెంట అడగని సరంజామా చాలా దిగింది. స్టూడియోలోని పాత కంప్యూటర్ ఆ బరువు మోయలేకపోయింది. ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. పైగా వైశాఖం, ముహూర్తాల మీద ముహూర్తాలు.

"ఏమప్పా, ఈ కొత్తది మాకొద్దు. ఆ పాత తాళమే పెట్టు. అది శానా బాగుండె" అన్నాడు ఖాదర్ అన్న.

పెట్టాను. అప్‌డేట్లు లేవు కాబట్టి పెట్టగానే తాళం ఎర్రబడింది. అప్పుడే చెప్పాల్సింది. ఇది ఇక కాపలా కాయదన్నా, కర్నూలు నుంచి కంప్యూటర్‌కు ఇంకాస్త మెమరీ తెప్పించి వేసేదాకా ఆ కొత్తదానితోనే సర్దుకో అని. చెప్పలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, అప్‌డేట్ వచ్చిందో లేదో అది చూసుకునే ఏర్పాటునే ఆపేశాను. తాళం పచ్చబడింది. ముహూర్తాలు అయ్యాక సరిచేద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక నేను అంతగా మెచ్చుకున్న సరుకు పనికిరాకుండా పోయిందని ఒప్పుకోవడానికి నామోషీ పడ్డానా?

ఆ రోజుల్లో స్టూడియోలవాళ్లకు మెమరీ కార్డులు కరువు. ఒక పెళ్లి ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు చెరిపి, అదే కార్డుతో ఇంకో పెళ్లికి పోయేవారు. సీజన్ అయ్యాక తీరిగ్గా సీడీలు కొట్టేవారు. ఒక పెళ్లికూతురి అన్న, తమ పాత ఫొటోలు కూడా ఆల్బమ్‌లో కలపమని పెన్ డ్రైవ్ తెచ్చిచ్చాడు. షమీమ్ పెట్టింది. అందులోని వైరస్ దెబ్బకు మర్నాటికి కంప్యూటరే తెరుచుకోలేదు. ఎంత తంటాలు పడినా ఒక్క ఫొటో వెనక్కి రాలేదు. ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ పోయాయి.

ఖాదర్ అన్న నన్ను నిలదీయలేదు. మెల్లగానే అడిగాడు. షమీమ్ గోడకు ఆనుకుని, వాచిన కళ్లతో నా వైపే చూస్తోంది.

"తాళం పచ్చగానే ఉన్నింది, చూసే పెట్టినా అంటాండాది. నిజమేనాప్పా?"

"ఏమోన్నా. పనిలో పడి షమీమ్ సరిగ్గా చూసుకోలేదేమో."

అంతే నేనన్నది. షమీమ్ తల దించుకుంది. ఆ తర్వాత ఆయన ఆమెను కంప్యూటర్ ముట్టనివ్వలేదు. ఫొటోలు పోయినవాళ్ల తిట్లన్నీ ఆమె మీదే పడ్డాయి. ఆల్బమ్‌ల పని ప్రొద్దుటూరుకు పంపడం మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నాకు హాయిగా అనిపించింది. తప్పించుకున్నాను కదా అని. ఆ హాయి గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చాలా ఏళ్లకు కడప బస్టాండులో షమీమ్ కనిపించింది. ఒళ్లో పాపను పెట్టుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంటి సంగతులన్నీ అడిగింది. తర్వాత తనే ఆ మాట ఎత్తింది.

"శానాసార్లు తలుచుకుంటానన్నా. ఆ పొద్దు తాళం ఎర్రగానే ఉన్నిందేమో. నేనే సరిగ్గా చూడలేదేమో."

బస్సు వచ్చిందని లేచాను. అది నా బస్సు కాదు.

ఆమె చేతిలో పని పోవడం ఒక ఎత్తు. ఆమె కళ్ల మీద ఆమెకే నమ్మకం లేకుండా నేను చేయడం ఇంకో ఎత్తు. దీనికి మీరు నన్ను క్షమించలేరు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆమెను అడిగే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఎక్కడో ఒకచోట నా చేత్తో ఈ మాట రాస్తే చాలనుకున్నాను. రాస్తున్నాను.

షమీమ్ చూసే పెట్టింది. తాళం పచ్చగానే ఉంది. దాన్ని పచ్చగా మార్చింది నేను.