అట్టకత్తి అన్నందుకు

ఈ రోజు రాయచూరు జిల్లాలోని మా ఊరు మల్లట్‌లో మా పెదనాన్న ఫోటో ఆవిష్కరణ జరిగింది. అరవైల్లో ఆయన మద్రాసులో సినిమాలకు కత్తియుద్ధాలు కూర్చిన మాస్టరు. షూటింగులు లేని నెలల్లో ఇక్కడికి వచ్చి, తుంగభద్ర కాలువ కింద వరి పండించేవారు.

రాయచూరు నుంచి అతిథిగా వచ్చిన పెద్దమనిషి మైకు అందుకుని, "సినిమాల కత్తులన్నీ అట్టకత్తులే గదా. దాంట్ల హునర్, పనితనం ఏముంటది? పేరు హీరోది, చెమటోడ్చే మెహనత్ గూడ హీరోదే" అన్నాడు. జనం నవ్వారు.

ముందు వరుసలోంచి మా పెద్దమ్మ లేచింది. ఎనభై ఆరేళ్ల మనిషి. ఎడమ ముంజేతి మీది పొడవాటి మచ్చ అందరికీ కనబడేలా చెయ్యెత్తింది.

"ఇది అట్ట కోసింది కాదు బాబూ, ఇనుము కోసింది. మద్రాసు వెళ్లేముందు ఆయన ప్రతి ఫైటూ మా కళ్లంలో నాతోనే కట్టేవారు. ఎక్కడ తప్పుకోవాలో నా మీద చూసుకున్నాకే హీరోలకు నేర్పేవారు. వాళ్లలో ఒక్కరికీ రక్తం రాలేదు. పనితనమంటే అదీ."

"అమ్మా, నేను గట్ల అనలే."

"అన్నారు. మైకులోనే అన్నారు. మైకులోనే వెనక్కి తీసుకోండి."

ఆయన తీసుకున్నాడు.

ఆ మచ్చ కొడవలి గాటని పెద్దమ్మ మాకు ఇన్నాళ్లూ చెప్పింది. ఎందుకు దాచావని ఇంటికొచ్చాక అడిగాను.

"పెళ్లాంతో కత్తి తిప్పించాడని ఆయన్ని చూసి నవ్వుతారని దాచానురా. ఇవాళ ఎలాగూ నవ్వారుగా."

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఏమేం దాచారో, కాస్త కోపం తెప్పించి కనుక్కుని చెప్పండి.