ఎనిడ్ కూర్చునే వైపు

చేతిలో గుడ్డ లేకుండా సిరిల్ బెడ్డోస్‌ను నేను చూసింది చర్చిలో మాత్రమే. అక్కడ కూడా ముందున్న బల్ల వీపును మోచేత్తో రుద్దుతూ కూర్చునేవాడు. ఇంగ్లండులోని మా ష్రూస్‌బరీలో సిటీ బస్సు నడిపినంతకాలం, డిపోలో తుడిచేవాళ్లున్నా సరే, బండెక్కే ముందు అద్దాలు తనే తుడుచుకునేవాడు. రిటైరయ్యాక తుడవడానికి బస్సు లేక మా వీధి మీద పడ్డాడు. తన ఇంటి ఇత్తడి గొళ్లెం అయింది, చెత్తడబ్బా మూత అయింది, చివరికి మా తలుపుకున్న ఉత్తరాలు వేసే కంత మూత కూడా వదల్లేదు. పక్కింటివాణ్ణి కాబట్టి ఓర్చుకున్నాను గానీ నాకు ఒళ్లు మండేది. మనిషంటే ఇష్టం కాబట్టి సరిపోయింది.

అలాంటివాడు సొంతంగా ఒక కారు కట్టుకోవడానికి పూనుకున్నాడు. దాని వెనక కథ ఉంది. పెళ్లయిన కొత్తలో భార్య ఎనిడ్‌కు వేల్స్ తీరంలోని బార్మత్ సముద్రం చూపిస్తానని, మేనమామ దగ్గర టాపు లేని కారు అడిగి తెచ్చి బయల్దేరదీశాడు. వేల్స్ కొండ ఎక్కుతుంటే ఇంజను ఆవిర్లు కక్కి చతికిలబడింది. కొత్త దంపతులు పాల లారీలో, క్యాన్ల మధ్య ఇరుక్కుని ఇల్లు చేరారు. వీధి వీధంతా నవ్వింది. ఆ తర్వాత ఎన్ని సముద్రాలు చూసినా బార్మత్ జోలికి మాత్రం పోలేదు. ఎప్పటికైనా టాపు లేని సొంత కారులోనే తీసుకెళ్తానని సిరిల్ మాటిచ్చాడు. ఎనిడ్ ఆ మాట మర్చిపోలేదు, అతన్నీ మర్చిపోనివ్వలేదు.

ఇంట్లో బిగించుకునే కార్ల కిట్ అమ్మే కంపెనీ నుంచి ఫైబర్‌గ్లాస్ బాడీ వచ్చింది. ఒక పాత కారును విప్పి ఇంజను, ఇరుసులు తీసుకున్నాడు. గ్యారేజీ బాగా ఇరుకు. బాడీని ఎడమవైపు గోడకు ఆనించి పెడితే తప్ప కుడివైపు పనిబల్లకు చోటుండదు. బిగింపులకు, వైర్లకు, బ్రేకులకు ఏళ్లు పట్టాయి. ఆదివారం వస్తే మేమంతా టీ కప్పులు పట్టుకుని చూడ్డానికి వెళ్లేవాళ్లం. మేం వెళ్లేసరికి సిరిల్ నిమ్మవాసన వేసే ఫర్నిచర్ పాలిష్ కొట్టి, గుడ్డతో రుద్ది, ఆ తెల్లటి గుల్లలో మా ముఖాలు కనబడేలా తయారుచేసి ఉంచేవాడు. రంగే వేయని కారుకి అంత సోకేమిటని నేను ఆటపట్టిస్తే, చుట్టాలొస్తే మనం ముఖం కడుక్కోమా అనేవాడు.

చివరికి బండి నడిచింది, పరీక్ష గట్టెక్కింది, నంబరు కూడా వచ్చింది. మిగిలింది రంగు. ఆ వసంతంలోనే ఎనిడ్ బార్మత్‌లో గది మాట్లాడేసింది.

"కారు సిద్ధమైతే నీతో వెళ్తా. లేదంటే మా చెల్లెలితో టూరిస్టు బస్సులో పోతా. ఇంక నావల్ల కాదు సిరిల్, మోకాళ్లు కూడా ఎదురుచూడనంటున్నాయి," అంది.

నవ్వుతూ అనలేదు. సిరిల్ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

రంగు కొట్టడానికి గెథిన్ ఒప్పుకున్నాడు. కార్ల రంగుల షాపు నడిపే వేల్స్ మనిషి, మా ఇద్దరికీ పాత స్నేహితుడు. రుద్దుడు పని మేం చేసుకోవాలి. మొదలెట్టే ముందు బండి ఒళ్లంతా స్పిరిట్‌తో తుడవమని, అచ్చులోంచి తీసిన బాడీకి మైనం అంటుకుని ఉంటుందని చెప్పాడు. సిరిల్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది.

"తుడవడం గురించి నాకు చెప్తున్నావా? మీ ఆవిడ కడిగే ప్లేట్లకన్నా శుభ్రంగా ఉందిది," అన్నాడు. అంతే, స్పిరిట్ డబ్బా మూత కూడా తియ్యలేదు.

బండిని వాకిట్లోకి తోసి పనిలో దిగాం. అచ్చు ముక్కలు కలిసిన చోట బాడీ మీద సన్నటి గట్టు ఉంటుంది, దాన్ని అరగదీయాలి. పైపొర కింద గాలిబుడగలు దాక్కుని ఉంటాయి, వాటిని మొనతో పొడిచి లప్పం పెట్టాలి. ఆపైన నల్లరంగు పొగలాగా పల్చగా చల్లి, చెక్కదిమ్మకు వాటర్ పేపరనే ఉప్పుకాగితం చుట్టి రుద్దాలి. ఎత్తున్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. మిగిలినచోట మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. రుద్దీ రుద్దీ నా భుజాలు పడిపోయాయి. గాజు దుమ్ము చొక్కాలో దూరి పెట్టే దురద గురించి చెప్పకపోవడమే మేలు. చన్నీళ్ల స్నానం చేస్తేగాని ఇద్దరినీ వంటింట్లోకి రానిచ్చేది కాదు ఎనిడ్. టీ కిటికీలోంచే, పైన సాసర్ మూసి, ఖైదీలకు ఇచ్చినట్టు అందించేది. ఇంత తిట్టుకున్నా, ఆ రోజులు నాకు భలే బాగుండేవి.

గెథిన్ వచ్చి అడుగురంగు, అదే ప్రైమర్, కొట్టాడు. బాగానే కుదిరింది. అది ఆరాక డిపో బస్సుల ముదురెరుపు రంగు కలిపి, ఎడమవైపు నుంచి మొదలెట్టాడు. చెర్రీ పండులా నిగనిగలాడింది. సిరిల్ ఈల వేశాడు. బానెట్ దగ్గరికి వచ్చేసరికి గెథిన్ చెయ్యి ఆగింది. తడిరంగు ఎక్కడికక్కడ విడిపోయి, గుండ్రంగా గుంటలు పడుతోంది. కుడివైపు కొట్టి చూస్తే ఇంకా ఘోరం, మశూచి వచ్చి తగ్గిన ముఖంలా ఉంది.

గెథిన్ ముఖానికున్న మాస్కు కిందికి లాగి, "దీనికి ఇన్నేళ్లూ ఏం పూశావయ్యా?" అన్నాడు.

గ్యారేజీ అరలోంచి నిమ్మవాసన డబ్బా నేనే తెచ్చి చూపించాను.

"ఇది కాఫీ బల్లలకు కొట్టేది, మహానుభావా. ఇందులో సిలికాన్ ఉంటుంది, ప్రైమర్ మందంగా ఉండి దాచింది గానీ దాని మీద ఏ పైరంగూ నిలవదు. నువ్వేమో స్పిరిట్ పెట్టకుండా రుద్ది రుద్ది లోపలికి ఇంకించావు. మొత్తం చెక్కేసి మొదట్నుంచీ రావాలి."

"వచ్చేవారానికి అవదా?"

"ఈ వేసవి మర్చిపో."

గోడకు ఆనుకుని ఉండటం వల్ల ఎడమవైపుకు సిరిల్ గుడ్డ ఎన్నడూ చేరలేదు. అందుకే అదొక్కటీ బతికిపోయింది. జీవితమంతా మెరుగుపెట్టిన మనిషికి ఆ మెరుగే చేటు చేసింది. నవ్వు రావాల్సిన మాటే, కానీ తిరగేసిన బకెట్ మీద కూలబడ్డ సిరిల్‌ను చూస్తే నాకు నవ్వు రాలేదు.

ఎనిడ్ బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ తలుపు దగ్గర నిలబడింది.

"నేను కూర్చునేది ఇటేగా?"

"ఇటే. కానీ అటు చూడు బంగారం. నువ్వు మీ చెల్లెలితో వెళ్లిరా. ఈ ముఖంతో బండి బయటికి తీస్తే ఊరంతా నవ్వుతుంది."

"పాల లారీ దిగినప్పుడూ నవ్వారు. నేనేమైనా తలుపేసుకుని కూర్చున్నానా? మర్నాడే నీ పక్కన నడిచి బజారుకెళ్లాను. నాకు చూపిస్తానన్నది సముద్రం సిరిల్, రంగు కాదు."

సిరిల్ బకెట్ మీంచి లేచి, రంగు ఎప్పటికి ఆరుతుందని గెథిన్‌ను అడిగాడు.

వెళ్లే రోజున, దారిలో బండి చతికిలబడితే లాక్కురావడానికి మోకుతాడు వేసుకుని గెథిన్, నేను నా కారులో వెనకే వెళ్లాం. ఎడమ పక్క ఫుట్‌పాత్ మీదున్నవాళ్లు చెర్రీ పండును చూసి చేతులూపారు. ఎదురొచ్చే బండ్లవాళ్లు మశూచిని చూసి నోళ్లు తెరిచారు. కొండ మీద, పాత కారు ఆగిపోయిన మలుపు దాటగానే ఎనిడ్ తలకు కట్టుకున్న స్కార్ఫు విప్పి గాల్లో ఊపింది. సిరిల్ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యనేలేదు. గెథిన్ కళ్లు ఒత్తుకుని, పెయింటు ఆవిర్లని సాకు చెప్పాడు.

బార్మత్ గట్టున కారు ఆపారు. అలలు గట్టును కొట్టి తుంపర్లు ఎగురుతున్నాయి. కారు ఆగీ ఆగగానే సముద్రపు కాకి ఒకటి వచ్చి బానెట్ మీద రెట్ట వేసి పోయింది. సిరిల్ చెయ్యి అలవాటు ప్రకారం జేబులోకి పోయి గుడ్డను బయటికి తీసింది. గెథిన్, నేను ముఖముఖాలు చూసుకున్నాం.

ఎనిడ్ సముద్రం వైపు మెడ చాపి, కళ్లు చికిలించి చూస్తోంది. ఆవిడ కళ్లద్దాలు ఉప్పునీటి తుంపర్లతో మసకబారి ఉన్నాయి. సిరిల్ వాటిని మెల్లగా తీసి, రెండువైపులా గుడ్డతో తుడిచి, మళ్లీ ఆవిడ ముక్కు మీద పెట్టాడు.

"ఇప్పుడు చూడు," అన్నాడు.