పెద్దనాయన మగ్గం కందీలు

పెద్దనాయన పోయాడన్న కబురు నేను పాత దీపాల క్లబ్బు మీటింగులో ఉండగా వచ్చింది. అప్పటికి గంట నుంచీ మేము ఒక లాంతరు పిడి ఇత్తడిదా, కంచుదా అని వాదించుకుంటున్నాం. ఫోన్ పెట్టేసి విషయం చెప్పగానే అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. నేను మెట్లు దిగుతుండగానే పైనుంచి మళ్లీ పిడి మాట వినబడింది.

ఆ క్లబ్బుకు ఒక పొడుగాటి పేరుంది. ఇక్కడ రాసి దానికి గౌరవం చెయ్యను. మా ఊళ్లోని కొంతం చౌక్ దగ్గర ఒక మేడ మీద నడుస్తుంది. పాత లాంతర్లు, చిమ్నీలు, గోడ దీపాలు పోగుచేసి అద్దాల అలమారల్లో పెట్టడం, ఆదివారం పూట చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని వాటిని చూసి మురిసిపోవడం దాని పని. వెలిగించడం మాత్రం నిషేధం. పదిమంది పెద్దమనుషులు ట్యూబ్‌లైట్ల కింద కూర్చుని దీపపు వెలుగులోని అందం గురించి ఉపన్యాసాలు ఇచ్చుకుంటారు. 'వాళ్లు' అని రాసి తప్పించుకోవచ్చు గానీ, ఆ క్లబ్బుకు నేను జాయింట్ సెక్రటరీని. నీలం నగర్ బడిలో పాఠాలు చెప్పుకునే నాకు అక్కడ 'సెక్రటరీ మేడమ్' అని పిలిపించుకోవడం ఎంత బాగుండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పెద్దనాయన మా నాన్నకు అన్న. భవాని పేట్‌లో, ఇంటి ముందుగదిలోనే ఆయన గుంట మగ్గం. పేట అంతా పవర్‌లూమ్‌ల చప్పుడుతో అదిరిపోతున్నా ఆ ఒక్క మగ్గాన్ని వదల్లేదు. మా ఇల్లు ఇరుకని నేను పదో తరగతి దాకా అక్కడే చదువుకున్నాను. కరెంటు పోతే మగ్గానికి ఒక కందీలు, అదే లాంతరు, వేలాడదీసేవాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి, కందీలు గాజుకు ఒక పక్క తీగతో కట్టుకున్నాడు. రేకు ఉన్న వైపు ఆయన ముఖం, లేని వైపు పడుగు. "వెలుగు కండ్లకు గాదు బిడ్డా, పోగుకు చూపియ్యాలె" అనేవాడు. నేను పుస్తకం తీసుకుని వస్తే రేకును కాస్త పక్కకు తిప్పేవాడు. అటు సగం పోగులకు, ఇటు సగం నా పుస్తకానికి. ఆ సగం వెలుగుతోనే నేను పంతులమ్మనయ్యాను.

అలాంటి కందీలును అడిగి తీసుకుపోయి క్లబ్బులో పెట్టింది నేనే. అక్కడ అందరూ ఏదో ఒకటి తెస్తున్నారు, నేనూ తేవాలి కదా.

"కరెంటు పోతే ఎట్ల మరి?" అంది పెద్దమ్మ, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ.

"పోతే మగ్గం మీంచి లేస్త. దానికేంది?" అన్నాడు పెద్దనాయన. "నీకు అక్కెరకొస్తదంటే తీస్కపో బిడ్డా."

మా అధ్యక్షుడు చద్దర్ల వ్యాపారం చేసే పెద్దమనిషి, మనవాడే. కందీలును అటూ ఇటూ తిప్పి చూసి, రేకు దగ్గర ఆగాడు. "ఇదెవరో ఖరాబ్ చేసిండ్రు మేడమ్" అన్నాడు. తాతల నుంచి నేతగాళ్లయిన ఇంట్లో పుట్టినవాడికి ఆ రేకు ఎందుకుందో తెలియలేదు. తెలిసిన నేను నోరు విప్పలేదు. తీగ కోసి రేకు తీసేశారు, మసి బట్టిన గాజు మార్చి కొత్తది పెట్టారు, తళతళా తోమారు. మరమ్మతు కాగితం మీద సంతకం నాది.

తర్వాత పెద్దనాయనను పిలిచి సన్మానం చేశారు. శాలువా కప్పగానే ఆయన దాని అంచు తిరగేసి, పోగులు వేలితో తడిమి, మడిచి చంకలో పెట్టుకున్నాడు. అలమార ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గిన్ని బుడ్లున్నయి, ఒక్కటన్నా ముట్టియ్యరా?"

"ముట్టిస్తే వాటి కిమ్మత్ పోతది కాకా" అన్నాడు అధ్యక్షుడు.

"అట్లనా? పని చెయ్యకుంటే కిమ్మత్ పెరుగుతదని నాకెవరూ చెప్పకపాయె" అన్నాడు పెద్దనాయన. సభ నవ్వింది, ఆయన పొగిడాడనుకుని. ఇంటికి వస్తుంటే దారిలో నాతో "మంచిగ తోమిండ్రు" అన్నాడు, అంతే. ఆ తర్వాత కరెంటు పోతే ఆయన నిజంగానే మగ్గం మీంచి లేచేవాడు. టార్చి పెట్టుకోమంటే కళ్లకు గుచ్చుతుందనేవాడు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకింత భారంగా ఉండేది కాదు.

మాలో మనిషి పోతే పడుకోబెట్టిన చోట పదో రోజు దాకా దీపం ఉంచుతారు. ఆయన్ను మగ్గం పక్కనే పడుకోబెట్టారు. సాగనంపి వచ్చాక ఆ చోట పెట్టడానికి ఎవరో ప్రమిద తెస్తే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన కందీలు తే బిడ్డా. ఆయన కండ్లు దానికే అలవాటు. కొత్త వెలుగుల తొవ్వ ఎట్ల దొరుకుతది?"

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకు వెళ్లాను. అధ్యక్షుడు నిజంగానే బాధపడ్డాడు, నాకు చాయ్ కూడా తెప్పించాడు. తర్వాత అర్జీ రాయమన్నాడు. కమిటీ కూర్చోవాలన్నాడు.

"లేకుంటే ఒక పని చెయ్యండి మేడమ్. తీస్కపొండ్రి గానీ ముట్టియ్యకుండ్రి. లోపల బ్యాటరీ క్యాండిల్ పెట్టుండ్రి, హుబేహూబ్ దీపం లెక్కనే ఉంటది."

చచ్చిపోయిన మనిషికి దారి చూపడానికి బ్యాటరీ క్యాండిల్! ఆ ముఖంలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. మంచి సలహా ఇచ్చానన్న తృప్తే ఉంది. ఇలాంటివాళ్లు మెచ్చుకోవాలని ఇన్నాళ్లు తాపత్రయపడ్డానా అని నా మీద నాకే అసహ్యం వేసింది. అలమార తాళంచెవి నా సంచిలోనే ఉంది. అధ్యక్షుడి ఎదురుగానే అలమార తెరిచి, కందీలు తీసుకుని, దాని చోట తాళంచెవి పెట్టి వచ్చేశాను.

అటక మీద సీసాలో మిగిలిన రాకెల్ నూనె, అదే కిరసనాయిలు, పోసి పెద్దమ్మ వత్తి ముట్టించింది. కొత్త గాజులోంచి వెలుగు ఒక్కసారిగా గదంతా పరుచుకుంది. ఆమె కళ్లు చికిలించింది.

"రేకేది బిడ్డా?"

"తీసేసినం పెద్దమ్మా. నేనే సంతకం పెట్టిన."

 పెద్దమ్మ మూలనున్న బీడీల చేట అందుకుని, అందులోని ఆకు కింద పోసి, చేటను కందీలుకు ఒక పక్కగా నిలబెట్టింది. మా ముఖాల మీద నీడ పడింది. వెలుగంతా మగ్గం వైపు తిరిగి, ఆయన సగంలో వదిలేసిన పడుగు మీద పడింది. గుంటలో ఆయన కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పోగులు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా కనిపిస్తున్నాయి.